రాత్రి బాగా తిన్న పిల్లి పొద్దున్నకి చనిపోయి ఉంటే: ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఒకటే రకం. "అక్కా, రాత్రి పదింటికి కూడా బాగా తిన్నది. పొద్దున లేచి చూస్తే బాల్కనీలో పడి ఉంది. రెండేళ్ళు కూడా నిండలేదు. ఏమైంది అక్కా?" ఏమైందో ఫోన్లో ఎవరూ చెప్పలేరు. ఆ పూట ఏం చేయాలో మాత్రం చెప్పగలను. మా జున్ను పోయినప్పుడు నేను దాదాపు అన్నీ తప్పే చేశాను కాబట్టి.

జున్ను మీగడ రంగు నాటు పిల్లి. పదహారు నెలలది. డిసెంబరు 11 తెల్లవారుజామున, హనుమకొండలో మా ఇంట్లో, వాషింగ్ మెషీన్ పక్కన పడుకున్నట్టే ఉంది. ఏడింటికల్లా పెరట్లో పూడ్చేశాం. పది రోజులు పోయాక "ఎందుకు పోయింది" అన్న ప్రశ్న పట్టుకుంది. ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు. పోస్టుమార్టం చేసే మామునూరు పశువైద్య కళాశాల మాకు అరగంట దారి. ఆ పొద్దున అది గుర్తుకే రాలేదు.

అందుకే కింద మొదటి సగం గడియారం చూసుకుంటూ చేయాల్సిన పనులు. ఏడుస్తూనే చేయొచ్చు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాత కాటన్ చీర ముక్క లేదా తువ్వాలు
- చేతి గ్లవ్స్ (లేకపోతే చేతులకు తొడుక్కోవడానికి శుభ్రమైన ప్లాస్టిక్ కవర్లు)
- అట్టపెట్టె, రెండు పెద్ద కవర్లు
- ఐసు, లేదా ఫ్రీజర్లో గడ్డకట్టిన రెండు మూడు నీళ్ళ సీసాలు
- ఫోను, ఒక కాగితం, పెన్ను
- లిక్విడ్ బ్లీచ్
- మీకంటే కాస్త నిబ్బరంగా ఉండే మనిషి ఒకరు. పక్కింటివాళ్ళయినా సరే

1. నిజంగా పోయిందో లేదో చూడండి

ఎడమ ముందుకాలి మోచేయి వెనక, పక్కటెముకల మీద రెండు వేళ్ళు ఆనించి ఒక పూర్తి నిమిషం ఆగండి. గుండె అక్కడే తెలుస్తుంది. పొట్ట కదులుతోందా చూడండి. కంటి నల్లగుడ్డును దూది పోగుతో తాకితే రెప్ప కదలాలి. ఈ మూడూ లేకపోతే పోయినట్టే.

ఒళ్ళు వెచ్చగా ఉండి ఏ కాస్త అనుమానం ఉన్నా ఇంకేమీ ఆలోచించకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. తప్పయితే ఆటో డబ్బులే పోతాయి.

ఇక్కడ చాలామంది భయపడే సంగతులు కొన్ని ఉన్నాయి. పిల్లి పోయాక కళ్ళు మూసుకోవు, బలవంతంగా మూయకండి. కాసేపు కండరాలు అదరొచ్చు, కదిలిస్తే ఛాతీలోంచి గాలి బయటికొచ్చి శబ్దం రావచ్చు. మూత్రం, మలం కూడా వస్తాయి. అవి బాధతో పోయిందనడానికి గుర్తులు కావు.

ఇంకో చిన్న పని. రెండు మూడు గంటల్లో ఒళ్ళు బిగుసుకోవడం మొదలవుతుంది. ఆ లోపే కాళ్ళు మడిచి, తోక చుట్టి, నిద్రపోయేటప్పుడు పడుకున్నట్టు సర్దండి. ఆలస్యమైతే పెట్టెలో పట్టదు, అప్పుడు కాళ్ళు వంచాల్సిన పరిస్థితి చూడలేం. ఇప్పటికే బిగుసుకుపోయి ఉంటే అలాగే వదిలేసి పెద్ద పెట్టె వెతకండి.

2. కదిలించే ముందు ఫోటోలు

వినడానికి కర్కశంగా ఉంటుందని తెలుసు. అయినా తీయండి: పడి ఉన్న చోటు, చుట్టుపక్కల నేల, నోరు, చిగుళ్ళు, పంజాలు. వాంతి ఉంటే ఒక చిన్న డబ్బాలోకి ఎత్తండి. కొరికిన ఆకు, చిరిగిన మందు రేకు, పూలబొకే, ఏది కనిపించినా దాచండి.

ముఖ్యంగా వీటి కోసం చూడండి:

- చిగుళ్ళు గోధుమరంగులోకో నీలంగానో మారాయా? ఇంట్లో ఎవరైనా జ్వరానికని పారాసిటమాల్ ముక్క వేశారా అని అడగండి. మనకు మామూలు మాత్ర, పిల్లికి ఒక్కటి చాలు ప్రాణం పోవడానికి.
- కుక్కకు వేసే పిడుదుల చుక్కల మందు పిల్లికి వేశారా? కుక్కల మందుల్లో కొన్నింట్లో పెర్మెత్రిన్ ఉంటుంది. అది పిల్లికి ఫిట్స్ తెప్పిస్తుంది.
- ఇంట్లో లిల్లీ పూల బొకే ఉందా? పుప్పొడి నాకినా కిడ్నీలు దెబ్బతింటాయి.
- ఎలుకల మందు: మీరు పెట్టకపోయినా పక్కవాళ్ళు పెట్టి ఉండొచ్చు. వాంతికి వెల్లుల్లి వాసన వస్తే దగ్గరగా పీల్చకండి. అది జింక్ ఫాస్ఫైడ్ రకం మందయితే దాన్నుంచి వచ్చే వాయువు మీకూ ప్రమాదం. కిటికీలు తెరవండి, డాక్టరుకు ముందే చెప్పండి.
- పెరడు, పొలం దగ్గర ఇల్లయితే పాము. కట్లపాము గాటు బొచ్చులో కనిపించదు.

"బల్లిని తిని చచ్చిపోయింది" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మన గోడల మీది బల్లికి విషం లేదు. ఆ కారణాన్ని కొట్టేయండి.

3. మనుషుల సంగతి. దీన్ని దాటేయకండి

గత పది రోజుల్లో ఈ పిల్లి ఇంట్లో ఎవరినైనా కరిచిందా, రక్తం వచ్చేలా రక్కిందా, పుండు మీద నాకిందా? ఒక్కదానికి అవునన్నా, కారణం తెలియకుండా పోయిన పిల్లి విషయంలో రేబిస్‌ను లెక్కలోకి తీసుకోవాలి. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. టీకా 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. "ఆడుతూ గీరింది, అదేం కాదు" అనుకోవడమే ఇక్కడ జరిగే తప్పు. మామూలుగా నిమిరినందుకు, ఒళ్ళో పెట్టుకున్నందుకు టీకా అక్కర్లేదు.

4. చల్లగా ఉంచండి, ఫ్రీజర్లో మాత్రం పెట్టకండి

పోస్టుమార్టం చేయించాలో వద్దో ఇంకా తేల్చుకోకపోయినా ఈ పని చేయండి. గుడ్డలో చుట్టి, రెండు కవర్లలో పెట్టి, తిండి అంతా తీసేసిన ఫ్రిజ్ కింది అరలో ఉంచవచ్చు. అది మనసొప్పదంటే చేపల మార్కెట్లో దొరికే థర్మాకోల్ పెట్టె తెచ్చి ఐసు సీసాలు చుట్టూ పేర్చండి. ఐసు నేరుగా ఒంటికి తగలకుండా మధ్యలో గుడ్డ ఉండాలి.

ఫ్రీజర్ ఎందుకు వద్దంటే, గడ్డకట్టి కరిగిన కండరాన్ని సూక్ష్మదర్శిని కింద చూసినా సరిగా చదవలేరు. మన ఎండల్లో బయట పెడితే సగం రోజుకే పాడవుతుంది. ఎంత తొందరగా తీసుకెళ్తే అంత మంచిది. ఒక రోజు దాటితే ఆశ తగ్గిపోతుంది.

5. పోస్టుమార్టం: చేయించాలా?

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే చేయించండి. ఎవరినైనా కరిచి ఉంటే, లేదా ఎవరో మందు పెట్టారని అనుమానం ఉంటే చేయించండి. మీరు "ఎందుకు" అన్న మాటను వదలలేని మనిషైతే కూడా చేయించండి. ఇవేవీ కాకపోతే, కోయించడం మనసుకు పట్టకపోతే, మానేయండి. మానేసినందుకు ప్రేమ తక్కువైనట్టు కాదు.

ఎక్కడంటే, మామూలు క్లినిక్‌లలో చాలావరకు చేయరు. పశువైద్య కళాశాలల్లో పాథాలజీ విభాగం ఉంటుంది. తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు. ఆంధ్రలో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి. ముందు ఫోన్ చేసి వెళ్ళండి, ఆదివారాలు, పండగలు చూసుకోండి. దూరమైతే మీ ఊరి ప్రభుత్వ పశువుల ఆసుపత్రి డాక్టరును అడగండి.

వెళ్ళేటప్పుడు అడగాల్సినవి కాగితం మీద రాసుకెళ్ళండి, అక్కడ నోట మాట రాదు:

- గుండె బరువు, గోడల మందం చూస్తారా?
- ముక్కలు ఫార్మలిన్‌లో పెట్టి హిస్టోపాథాలజీకి (సూక్ష్మదర్శిని కింద చూసే పరీక్షకు) పంపుతారా? రిపోర్టు ఎప్పుడు?
- అంటువ్యాధి అయితే ఇంట్లో మిగతా పిల్లులకు ఏం చేయాలి?
- శరీరం తిరిగి ఇస్తారా?

కరిచిన సంగతి ఉంటే మొదటే చెప్పండి. రేబిస్ పరీక్షకు మెదడు నమూనా తీయాలి, కోసేవాళ్ళు కూడా జాగ్రత్త పడాలి.

ఎవరో కావాలని చంపారని గట్టి అనుమానముంటే ముందు పోలీస్ స్టేషన్‌కు వెళ్ళండి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద జంతువును చంపడం నేరం, అయిదేళ్ళ దాకా శిక్ష ఉంది. ఫిర్యాదు ఉంటేనే పోస్టుమార్టానికీ, విషం పరీక్షకూ పోలీసుల ద్వారా దారి ఏర్పడుతుంది. అనుమానం మాత్రమే ఉన్నప్పుడు పక్కింటి తలుపు కొట్టి అరవకండి. రేపు కూడా అదే వీధిలో ఉండాలి.

రిపోర్టు వచ్చాక ఏం ఆశించాలో కూడా తెలుసుకోండి. కొన్నిసార్లు "కారణం కనిపించలేదు" అనే వస్తుంది. గుండె లయ తప్పి ఆగిపోతే అవయవంలో చూడటానికి ఏ గుర్తూ మిగలకపోవచ్చు. అయినా ఆ రిపోర్టు కొన్నింటిని కొట్టేస్తుంది: అంటువ్యాధి కాదు, లోపల రక్తస్రావం లేదు, దెబ్బ తగల్లేదు. రాత్రి మూడింటికి లేచి కూర్చున్నప్పుడు అది పనికొస్తుంది.

6. సాగనంపడం

సొంత స్థలం ఉంటే మూడడుగుల లోతు తవ్వండి. ఒకటిన్నర అడుగు తవ్వి మట్టి కప్పితే మర్నాటికి కుక్కలు తీస్తాయి, ఇది నేను కళ్ళారా చూశాను. బావికీ బోరుకూ దూరంగా ఉండాలి. కాటన్ గుడ్డలో చుట్టి పెట్టండి, ప్లాస్టిక్ వద్దు. పైన బండరాళ్ళు పేర్చండి. కల్లుప్పు, పసుపు వేయడం మనవాళ్ళ అలవాటు, వేయాలనిపిస్తే వేయండి. అద్దె ఇల్లయితే ఓనరుకు ఒక మాట చెప్పాలి.

అపార్ట్‌మెంట్ వాళ్ళు: హైదరాబాద్‌లో నాగోలు దగ్గర ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల శ్మశానవాటిక ఉంది. మిగతా ఊళ్ళలో మున్సిపాలిటీ శానిటేషన్ వాళ్ళను, లేదా మీ డాక్టరును అడగండి. ఊళ్ళో ఎవరిదో చేను, మామిడితోట ఉంటుంది. అడగడానికి మొహమాటపడకండి, ఇస్తారు. కాలువలో వదలడం, చెత్త కవర్లో కట్టి పడేయడం మాత్రం చేయకండి. తర్వాత ఆ దృశ్యమే వెంటాడుతుంది.

మైల ఉంటుందా అని పెద్దవాళ్ళు అడుగుతారు. మా ఇంట్లో తలస్నానం చేసి దీపం పెట్టుకున్నాం, అంతే.

7. ఇల్లు, మిగతా పిల్లులు

పోయింది టీకా వేయని పిల్ల అయితే, పోయే ముందు ఒకట్రెండు రోజులు వాంతులు, విరేచనాలు, నీళ్ళగిన్నె ముందు తల వాల్చి కూర్చోవడం ఉంటే, ప్యాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు కావచ్చు. ఆ వైరస్ ఇంట్లో ఏడాదిదాకా బతుకుతుంది. ఫినాయిల్‌కు చావదు, పైగా ఫినాయిల్ పిల్లులకే మంచిది కాదు. ఒక పాలు లిక్విడ్ బ్లీచ్‌కు 32 పాళ్ళ నీళ్ళు కలిపి, ముందు సబ్బుతో కడిగిన నేల మీద పోసి పది నిమిషాలు ఉంచండి. ఆరేదాకా పిల్లుల్ని రానివ్వకండి. టాయిలెట్ యాసిడ్‌తో బ్లీచ్ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. ఇసుక ట్రే, పరుపు, బొమ్మలు పారేయండి.

అంటువ్యాధి అనుమానం లేకపోతే మిగిలిన పిల్లికి ఒకసారి వాసన చూడనివ్వండి. కొన్ని వెతకడం మానేస్తాయి. కొన్ని పట్టించుకోవు, అదీ మామూలే. దాని తిండి మీద మాత్రం కన్నేసి ఉంచండి. పిల్లి ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టరుకు ఫోన్ చేయండి, రెండు రోజులు దాటనివ్వకండి. తిండి మానేసిన పిల్లికి, అందులోనూ లావు పిల్లికి, కాలేయం దెబ్బతింటుంది.

8. "నేను చూసి ఉంటే" అన్నది

ఇది ఒక రోజులో అయ్యే పని కాదు, కానీ చేసే పద్ధతి ఉంది.

కాగితం తీసుకుని చివరి 48 గంటలు గంటల వారీగా రాయండి. చూసింది మాత్రమే రాయాలి. "రాత్రి 9:30, చికెన్ తిన్నది. 11, కర్టెన్ ఎక్కింది. 1, నా కాళ్ళ దగ్గర పడుకుంది." "కాస్త డల్‌గా ఉన్నట్టుంది" లాంటివి రాయకండి. పోయాక వెనక్కి చూస్తే ప్రతిదీ గుర్తులాగే కనిపిస్తుంది. నేను జున్ను చివరి వారం ఫోటోలన్నీ జూమ్ చేసి చూశాను, ప్రతి ఫోటోలో కళ్ళు నీరసంగా అనిపించాయి. మా చెల్లికి అవే ఫోటోలు చూపిస్తే "దీనికేం, తిండిపోతు మొహం" అంది.

తర్వాత ఆ కాగితం పక్కన మీ "చేసి ఉంటే"లు రాసి, ఒక్కో దానికి ఒకటే ప్రశ్న వేయండి: ఆ క్షణాన నాకు తెలిసిన దాన్ని బట్టి ఇంకొకరైనా వేరుగా చేసేవారా?

వయసులో ఉన్న పిల్లి హఠాత్తుగా పోతే గుండెజబ్బును మొదట అనుమానిస్తారు. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అంటారు. గుండె గోడలు మందమై, లోపల రక్తం నిండే చోటు తగ్గిపోతుంది. పిల్లుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే గుండెజబ్బు ఇదే. మెయిన్ కూన్, రాగ్‌డాల్ జాతుల్లో దీనికి కారణమైన జన్యు లోపాల్ని 2005, 2007లలో గుర్తించారు. నాటు పిల్లులకూ వస్తుంది. దగ్గు ఉండకపోవచ్చు, ఆయాసం ఉండకపోవచ్చు, స్టెతస్కోపుకు కూడా వినపడకపోవచ్చు. ఎకో (గుండె స్కానింగ్) తీస్తే తెలుస్తుంది. టీకాకని తీసుకెళ్ళిన ఆరోగ్యమైన పిల్లికి ఎకో తీయించేవాళ్ళు ఎవరున్నారు? పైగా నొప్పిని దాచుకోవడం పిల్లి స్వభావం.

ఇదే జబ్బులో కొన్నిసార్లు రక్తం గడ్డకట్టి వెనక కాళ్ళకు అడ్డుపడుతుంది. అలా పోయిన పిల్లి పెద్దగా అరిచి, వెనక కాళ్ళు ఈడ్చి ఉంటుంది, పంజాలు చల్లబడి ఉంటాయి. అది చూసినవాళ్ళు డాక్టరుకు చెప్పండి, ఆ ఒక్క గుర్తు చాలా చెప్తుంది.

కాగితం మీద లెక్క చూశాక నిజంగా మీ తప్పే అని తేలితే? మాత్ర మీరే వేశారు, బాల్కనీ తలుపు మీరే తీసి ఉంచారు. "నీ తప్పేం లేదు" అని నేను అబద్ధం చెప్పను. ఒక మనిషికి, ఒక్కసారి, పూర్తిగా చెప్పండి. తర్వాత ఆ తప్పును సరిచేయండి: బాల్కనీకి వల, మందులకు తాళం, ఆ మాత్ర సంగతి తెలియని ఇంకో ఇద్దరికి ఒక మాట.

అర్ధరాత్రి ఫోన్లో లక్షణాలు వెతకడం మానండి. వెతకాల్సిందే అనిపిస్తే పగలు, మీ డాక్టరుకు ఫోన్ చేసి.

9. పిల్లలకు చెప్పడం

"చనిపోయింది" అనే మాటే వాడండి. నిద్రపోయిందంటే రాత్రి పడుకోవడానికి భయపడతారు. ఊరెళ్ళిందంటే రోజూ గుమ్మం దగ్గర చూస్తారు. మా అక్క కొడుకు మూడో రోజు మెల్లగా వచ్చి "నేను తోక లాగాను, అందుకేనా పిన్నీ?" అన్నాడు. పిల్లలు అడగకపోయినా ఈ ప్రశ్న వాళ్ళ లోపల ఉంటుంది, మీరే ముందు తీసి జవాబు చెప్పండి. కారణం తెలియకపోతే "మాకూ తెలియదు" అనండి. తట్టుకుంటారు.

10. జనం మాటలు

"పిల్లే కదా, ఇంకోటి తెచ్చుకో." "ఇంటికి రావాల్సిన కీడు అది తీసుకుపోయింది." "కాశీకి బంగారు పిల్లిని ఇవ్వాలి." చివరిది చంపినవాళ్ళకు చెప్పిన మాట, మీకు కాదు. రెండోది చాలావరకు ప్రేమతోనే అంటారు, ఊరుకోండి. మొదటిదానికి జవాబు ఇవ్వాల్సిన పని లేదు. ఆఫీసులో సెలవు అడగడానికి సిగ్గేస్తే "ఇంట్లో ఒకరు పోయారు" అనకండి, ఎవరని అడుగుతారు. ఒంట్లో బాగోలేదని చెప్పండి. నిజంగానే బాగుండదు కదా.

మీరు ఎలా ఉన్నారో చూసుకోవడం

రెండు వారాల తర్వాత ఈ నాలుగూ చూడండి. రెండు పూటలా తింటున్నారా? వరుసగా నాలుగైదు గంటలు నిద్ర పడుతోందా? ఆ పొద్దుటి దృశ్యం రోజుకు ఎన్నిసార్లు వస్తోంది, మొదటి వారంకంటే తగ్గిందా? దాని పేరు ఎత్తగలుగుతున్నారా? ఏడుపు రావడం పెద్ద విషయం కాదు, ఆరు నెలలకూ వస్తుంది. తిండి, నిద్ర తిరిగి రాకపోతే, లేదా బతకాలని లేదనిపిస్తే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిల్లి కోసమా అని నవ్వుతారేమోనని ఆగకండి.

ఇంకో పిల్లి ఎప్పుడు అంటే, "దీనికి అదే పేరు పెడదాం" అన్న ఆలోచన పోయాక. ప్యాన్‌ల్యూకోపీనియా అనుమానం ఉన్న ఇంట్లోకి టీకాలు పూర్తికాని పిల్లను అసలు తేవద్దు. టీకాలు ఎనిమిది వారాల వయసులో మొదలుపెడతారు. అవన్నీ పూర్తయిన పిల్లే ఆ ఇంటికి రావాలి.

ఆఖరుగా ఒక చిన్న పని, అందరూ మరచిపోయేది. మీ క్లినిక్‌కు ఫోన్ చేసి పిల్లి పోయిందని చెప్పి, రికార్డులోంచి తీసేయమనండి. టీకా గడువు రాగానే అక్కణ్ణుంచి మెసేజ్ దానంతటదే వస్తుంది. నేను చెప్పలేదు. జనవరి 9 సాయంత్రం కూరగాయల బండి దగ్గర నిలబడి ఉండగా ఫోను మోగింది: "జున్ను బూస్టర్ డోస్‌కు రేపే గడువు."